కరెంటు వైద్యం తర్వాత మెదడును కొలవాలనుకునే డాక్టర్లకు ఒక ల్యాబ్ మనిషి ఉత్తరం

విశాఖపట్నంలోని మానసిక వైద్య విభాగాల ప్రొఫెసర్లకు, రేడియాలజీ డాక్టర్లకు, పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు

నమస్కారం.

నేను డాక్టర్ని కాదు. స్టీల్ ప్లాంట్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉండేది గాజువాకలో. మా వీధిలో ఒక అబ్బాయి సైకియాట్రీలో పీజీ చేస్తున్నాడు. థీసిస్ కోసం టాపిక్ వెతుక్కుంటూ, ఈసీటీ (తలకు కాస్త కరెంటు పెట్టి ఫిట్స్ తెప్పించే వైద్యం) చేయించుకున్నవాళ్ల మెదడులో కెమికల్స్ ఎలా మారతాయో ఎంఆర్ఐ మెషిన్‌తో కొలిస్తే ఎలా ఉంటుందంకుల్ అని ఒక సాయంత్రం నన్నే అడిగాడు. మా ఆవిడకి ఆ వైద్యం జరిగిందని అతనికి తెలుసు. ఆ రోజు ఏదో పైపైన మాట్లాడి పంపించేశాను. తర్వాత అతనిచ్చిన పేపర్లు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఈ ఉత్తరం ఆ అబ్బాయికి నేను బాకీ పడ్డ జవాబు. థీసిస్ మీద సంతకాలు పెట్టేది మీరు కాబట్టి మీకు రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట మా ఆవిడ తిండి మానేసింది. "నా పేగులు కుళ్లిపోయాయండీ, తిన్నది ఎక్కడికి పోద్ది?" అనేది. మొదట్లో నవ్వుతూ సర్దిచెప్పాను. తర్వాత నవ్వు పోయింది. రెండు రకాల మందులు మార్చారు, వారాలు గడిచాయి, మనిషి సగమైంది. ఈసీటీ ఒక్కటే మిగిలిందని డాక్టర్ చెప్పినప్పుడు మా బావమరిది "కరెంటు పెట్టిస్తావా బావా?" అని నా మొహం మీదే అడిగాడు. అతన్ని తప్పుపట్టను. మన ఊళ్లో ఎవడైనా కాస్త తిక్కగా మాట్లాడితే చినవాల్తేరు (మానసిక ఆసుపత్రి అక్కడే) పంపించాలి అని జోకులేసుకునేవాళ్లమే అందరం. సినిమాల్లో అయితే నలుగురు రౌడీల్లాంటి వార్డుబాయ్‌లు పట్టుకోవడం, అరుపులు, మంచం ఎగిరిపడటం. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీని అనే ఇద్దరు డాక్టర్లు ఈ వైద్యం మొదలుపెట్టినప్పుడు మత్తుమందు లేకుండానే చేశారు. సినిమావాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయడం నిషిద్ధం.

మా ఆవిడకి ఏడుసార్లు చేశారు. లోపలికి తీసుకెళ్లేవారు, కాసేపటికి బయటికి తెచ్చేవారు, గంటలో లేచి కూర్చునేది. నాలుగోసారి అయిన మర్నాడు మధ్యాహ్నం నేను పెట్టిన చారు రుచి చూసి, "ఏటండీ ఇది, ఉప్పు కషాయం కాచారా?" అంది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. కాబట్టి ఈ ఉత్తరం ఈసీటీ వద్దని చెప్పే ఉత్తరం అనుకోవద్దు. ఆ వైద్యం లేకపోతే ఆవిడ ఇవాళ లేదు.

ఇంకో సంగతి కూడా జరిగింది. ఆ జబ్బు ముదరడానికి ముందు, ఆ ఏడాది చందనోత్సవానికి సింహాచలం వెళ్లాం. తెల్లవారుజాము నుంచి క్యూలో నిలబడి అప్పన్న నిజరూప దర్శనం చేసుకున్నాం. ఏడాదికి ఒక్కరోజు కదా ఆ భాగ్యం. అప్పటికే దిగులుగా ఉండేది గానీ, స్వామి ముందు రెండు చేతులూ జోడించి నిలబడిన మనిషి నాకింకా కళ్లకు కట్టినట్టుంది. వైద్యం పూర్తయిన రెండు నెలలకు మాటల్లో ఆ సంగతి వస్తే, "మనం ఈ ఏడు వెళ్లలేదు కదండీ" అంది. వెళ్లామన్నాను. కట్టుకున్న చీర చెప్పాను, తెచ్చిన ప్రసాదం చెప్పాను. నావైపు అలా చూసి, "నేను చూశానా స్వామిని?" అని అడిగింది. ఈ నాలుగేళ్లలో అది తిరిగి రాలేదు. మిగతావి చాలావరకు వచ్చాయి.

ఆసుపత్రి పేరు చెప్పను. అక్కడ నాతో సంతకం పెట్టించుకున్న కాగితాలు నాలుగు పేజీలు, అన్నీ ఇంగ్లీషులో. అందులో కొన్నాళ్లు మతిమరుపు ఉండొచ్చు అనే అర్థం వచ్చే వాక్యం ఒకటుంది. నోటితో ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను ఒప్పుకునేవాణ్ణే. ఆవిడకీ ముందే తెలిసి ఉండేది, అంతే తేడా. అది చిన్న తేడా కాదు.

ఇక స్కాన్ సంగతి. వైద్యమైన కొన్నాళ్లకు, ఈ మతిమరుపు చూసి భయపడి, తెలిసినవాళ్లెవరో చెబితే ఒక స్కానింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాను. మామూలు ఎంఆర్ఐతో పాటు "మెదడులో కెమికల్స్ కూడా చూపిస్తుంది సార్" అని ఇంకో టెస్టు కలిపారు, దానికి వేరే డబ్బులు కట్టించుకున్నారు. ఇంటికొచ్చి ఆ ఫిల్ము ట్యూబ్‌లైట్‌కి అడ్డంపెట్టి చూశాను. మూలన ఒక గ్రాఫు. వరసగా శిఖరాలు. చూడగానే నా గుండె ఒక్క క్షణం ఆగింది. అది స్పెక్ట్రమ్, ఏయే పదార్థాలున్నాయో శిఖరాల్లో చూపే గ్రాఫు. ముప్పై ఏళ్లు నేను చూసిన వస్తువే.

అందులో ఎత్తైన శిఖరం కింద 2.02 పీపీఎం అని ఉంది. మా ల్యాబ్‌లో పీపీఎం అంటే పది లక్షల్లో ఎన్ని పాళ్లు అనే లెక్క. ఉక్కులో హైడ్రోజన్ రెండు పీపీఎం ఉందంటే బాగా తక్కువ ఉందని అర్థం. అదే లెక్కన మా ఆవిడ మెదడులో ఏదో అడుగంటిపోయిందని రాత్రంతా నిద్రపోలేదు. ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీలో పీపీఎం అంటే ఆ శిఖరం ఎక్కడుందో చెప్పే చిరునామా తప్ప ఎంత ఉందో చెప్పే లెక్క కాదని తర్వాత పీజీ అబ్బాయి చెప్పాడు. ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రాత్రి రాలేదు.

చదివిన మీదట నాకు అర్థమైంది ఇది. తప్పుంటే దిద్దండి. మామూలు ఎంఆర్ఐ మెదడు ఆకారం చూపిస్తుంది. అదే మెషిన్‌ని ఇంకోలా వాడితే మెదడులో ఎంచుకున్న ఒక చిన్న పెట్టెలాంటి ముక్క నుంచి, అక్కడి పదార్థాల్లోని హైడ్రోజన్ కేంద్రకాలు పంపే రేడియో సంకేతం అందుకోవచ్చు. సూది లేదు, ఎక్స్‌రే లాంటి రేడియేషన్ లేదు. ఒక్కో పదార్థానికి ఒక్కో చోట శిఖరం. నాడీకణాలు ఆరోగ్యంగా ఉన్నాయనడానికి గుర్తుగా చూసే ఎన్ఏఏ, కణాల పైపొరలకు సంబంధించిన కోలిన్, శక్తి లెక్కలకు సంబంధించిన క్రియాటిన్, నాడులను ఉరకలేయించే గ్లుటమేట్, వాటికి కళ్లెం వేసే గాబా.

గాబా దగ్గరే అసలు చిక్కు. అది ఉండేదే తక్కువ, గ్లుటమేట్‌లో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. పైగా 3 పీపీఎం దగ్గర దాని శిఖరం క్రియాటిన్ శిఖరం నీడలో పడిపోతుంది. దాన్ని విడదీయాలంటే ప్రత్యేకమైన పద్ధతి కావాలి, సుమారు మూడు సెంటీమీటర్ల ఘనమంత పెద్ద ముక్క తీసుకోవాలి, మనిషి కదలకుండా చాలాసేపు పడుకోవాలి. మా ల్యాబ్‌లోనూ స్పెక్ట్రమ్‌లో ఒక మూలకం గీత మీద ఇంకో మూలకం గీత పడేది. కొత్తగా చేరిన కుర్రాళ్లు మాంగనీస్ ఎక్కువ చూపిస్తోందని హడావిడి పడితే, సీనియర్లు ముందు పక్క గీత సంగతేంటో చూడమనేవారు.

ఇంకోటి. మేము కార్బన్ గానీ సిలికాన్ గానీ నేరుగా కొలవం. ఇనుము గీతతో పోల్చి నిష్పత్తి తీస్తాం. ఇనుము ఎటూ మారదన్న నమ్మకం మీద మొత్తం లెక్క నిలబడుతుంది. మీ రిపోర్టుల్లో కూడా చాలాచోట్ల క్రియాటిన్‌తో పోల్చి నిష్పత్తి ఇస్తున్నారు. ఈసీటీ అంటే మెదడంతా ఒక్కసారి ఫిట్స్‌లోకి వెళ్లి రావడం. అంత శక్తి ఖర్చయిన చోట క్రియాటిన్ మారలేదని ఎవరు చూశారు? అది మారితే, దాంతో పోల్చిన పదార్థం మారినట్టు కనబడుతుంది. నీటితో పోల్చే పద్ధతి ఉందట, అందులోనూ దాని లోటుపాట్లు దానికున్నాయట. ఏ పద్ధతి వాడినా ముందే రాసిపెట్టి చేయండి. ఫలితం చూశాక పద్ధతి ఎంచుకోవడాన్ని మా షాపులో దొంగ శాంపిల్ అనేవాళ్లం.

ఇంతవరకు ఏం తేలిందని ఆ అబ్బాయిని అడిగితే ముందు కాసేపు నీళ్లు నమిలాడు. 2003లో అమెరికాలో ఎనిమిది మంది రోగుల మీద చేసిన అధ్యయనంలో ఈసీటీ తర్వాత మెదడు వెనక భాగంలో గాబా పెరిగింది. బాగుంది అనుకున్నారు. ఎందుకంటే డిప్రెషన్‌లో ఉన్నవాళ్లలో అది తక్కువగా ఉన్నట్టు అంతకుముందే కొన్నిచోట్ల కనబడింది. తర్వాత ఇంకోచోట చూస్తే చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. అదే 2003లో జర్మనీలో గ్లుటమేట్ వర్గం తగ్గి ఉన్నవాళ్లలో వైద్యం పనిచేశాక అది కోలుకున్నట్టు చూశారు. హిప్పోక్యాంపస్ అని జ్ఞాపకాలకు ముఖ్యమైన చోటు ఉంది కదా, అక్కడ ఎన్ఏఏ తగ్గలేదని 2000లో జర్మనీ నుంచే వచ్చింది. అంటే కణాలు చచ్చిపోలేదన్నమాట. అది చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ తర్వాత వచ్చిన కొన్నింటిలో అదే ఎన్ఏఏ కాస్త తగ్గినట్టుంది. ఇక నార్వేలోని బెర్గెన్ కేంద్రంగా చాలా దేశాల స్కాన్లు ఒకచోట చేర్చి చూసిన బృందం, ఈసీటీ తర్వాత హిప్పోక్యాంపస్ పరిమాణం పెరుగుతుందనీ, ఎన్నిసార్లు చేస్తే అంత ఎక్కువ పెరుగుతుందనీ, అయితే పెరుగుదలకూ జబ్బు నయమవడానికీ పొత్తు కుదరడం లేదనీ చెప్పింది.

ఇందులో మోసమేమీ లేదు. శాంపిళ్లు తక్కువైతే అలాగే ఉంటుంది. ఎనిమిది మంది, పదిమంది, పదిహేను మంది. ఒక్క హీట్ (ఒక్క విడత కరిగించిన ఉక్కు) నుంచి తీసిన ఒక్క శాంపిల్ చూసి ఆ నెల ఉక్కంతా ఎలా ఉందో చెప్పమంటే మా ఫోర్‌మన్ తిట్టేవాడు. అందుకే మీకు నా మొదటి విన్నపం. దీన్ని పీజీ అబ్బాయి ఒక్కడి నెత్తిన పెట్టి, మూడేళ్లలో పన్నెండు మందితో ముగించే థీసిస్‌గా చేయొద్దు. మన ఊళ్లో మానసిక వైద్య విభాగాలు ఒకటికి మించి ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి పాడేరు దాకా జనం ఇక్కడికే వస్తారు. అందరూ కలిసి ఒకే పద్ధతిలో, ఒకే మెషిన్ మీద చేస్తే అయిదేళ్లు పట్టినా ఏదో ఒకటి తేలుతుంది. ఏమీ మారలేదని తేలినా అచ్చువేయండి. మొదలుపెట్టకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేస్తే, తర్వాత ఎవరూ ప్రశ్న మార్చేశారని అనలేరు.

శాంపిల్ ఎప్పుడు తీశారన్నది కూడా ముఖ్యమే. కరిగిన ఉక్కు పోసే లాడిల్‌లో ఆర్గాన్ గ్యాస్ ఊదకముందు తీసిన శాంపిల్, ఊదాక తీసిన శాంపిల్ ఒకటి కాదు. ఈసీటీ అయిన రెండు గంటలకు స్కాన్ చేస్తే మీరు చూసేది ఫిట్స్ తాలూకు అలజడినా, మత్తుమందు ప్రభావాన్నా, జబ్బు నయమవడాన్నా? నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే మాత్రల్లో కొన్ని గాబా మీదే పనిచేస్తాయి. మా ఆవిడ అవే వేసుకునేది. వాటిని లెక్కలో రాయకపోతే కొలిచిందంతా గాలికే. మొదటిసారి చేయకముందు ఒకటి, మొత్తం అయిన వారానికి ఒకటి, ఆరు నెలలకు ఇంకొకటి స్కాన్ చేస్తే బాగుంటుందని నా అభిప్రాయం. ఆ మూడోదే ఎవరూ చేయరు, ఎందుకంటే రోగి మళ్లీ రాడు. ఎందుకు రాడో కూడా నాకు తెలుసు. ఇచ్ఛాపురం నుంచి వచ్చే మనిషికి ఒకరోజు కూలి పోతుంది, తోడొచ్చేవాడి కూలీ పోతుంది, ఇద్దరి ఛార్జీలు అవుతాయి. ఆ డబ్బు ప్రాజెక్టు ఖర్చులో రాసుకోండి. పరిశోధన కోసం చేసే స్కాన్‌కి రోగి దగ్గర పైసా తీసుకోకూడదని మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ బయట సెంటర్లలో "కెమికల్ టెస్టు" అని అమ్ముతున్నవాళ్లకి మీరే చెప్పాలి. ఇవాళ్టికి ఆ గ్రాఫు చూసి ఫలానా మనిషికి ఈసీటీ పనిచేస్తుందనో, చేసిందనో ఏ డాక్టరూ తేల్చలేడు. అది గుంపుల మధ్య తేడా చూడటానికి పనికొచ్చే కొలత. మా ఆవిడ ఫిల్ము పట్టుకుని నేనెన్ని గుమ్మాలు ఎక్కానో! ఆ సెంటర్‌లో కుర్రాణ్ణి "మీ మెషిన్‌ని కాలిబ్రేషన్ ఎప్పుడు చేశారు బాబూ?" అని అడిగితే, నాకూ ఏదో తేడా ఉందన్నట్టు చూశాడు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాట. మీరు గాబా కొలుస్తారు, గ్లుటమేట్ కొలుస్తారు, డిప్రెషన్ ఎంత తగ్గిందో హామిల్టన్ స్కేలుతో కొలుస్తారు. మతిమరుపు ఎలా కొలుస్తారు? ఇది ఏ ఊరు, ఇవాళ ఏ వారం, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత. మా ఆవిడ అన్నిటికీ చక్కగా చెప్పింది. ఇది వైజాగ్, ఇవాళ గురువారం, తొంభై మూడు. నార్మల్ అని రాశారు. అప్పన్నని చూసిందో లేదో అడిగే గడి ఆ కాగితంలో లేదు.

వైద్యానికి ముందు కుటుంబం దగ్గర కూర్చుని గత ఏడాదిలో ఆ మనిషి జీవితంలో జరిగిన పది పన్నెండు సంగతులు రాసుకోండి. పెళ్లి, చావు, అన్నప్రాసన, కొన్న టీవీ, వెళ్లిన తీర్థం. అయ్యాక ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి అవే అడగండి. ఏవి పోయాయి, ఏవి తిరిగొచ్చాయి చూడండి. ఆ పట్టికని హిప్పోక్యాంపస్‌లో మీకొచ్చిన అంకెల పక్కన పెట్టండి. సొంత జ్ఞాపకాల గురించి ఇలా అడిగే పద్ధతులు సైకాలజీలో ఉన్నాయట, మన పండగలకీ మన ఇళ్లకీ తగ్గట్టు వాటిని తిరగరాయాలి. కెమికల్ మారింది అని మాత్రమే చెప్పే పేపరు మాకెందుకు? ఆ మార్పు వల్ల జబ్బు పోయిందా, జ్ఞాపకం పోయిందా, రెండిటికీ సంబంధమే లేదా? నాకు తెలియాల్సింది అది. రేపు ఇంకో ఇంటాయన సంతకం పెట్టే ముందు అతనికీ అదే తెలియాలి.

సంతకం సంగతి ఎథిక్స్ కమిటీవారికి. తిండి మానేసి, పేగులు కుళ్లిపోయాయని నమ్ముతున్న మనిషి చేత పరిశోధనకు సంతకం పెట్టించుకోవడం మామూలు విషయం కాదు. వైద్యానికి ఒప్పుకోవడం వేరు, పరిశోధనకు ఒప్పుకోవడం వేరు అని ఆ మనిషికి తెలిసేలా చెప్పాలి. కాదంటే వైద్యం ఆపేస్తారేమోనన్న భయం లేకుండా చెప్పాలి. కోలుకున్నాక మళ్లీ అడగాలి. అప్పుడు వద్దంటే స్కాన్లు తీసేయాలి. తెలుగులో రాస్తే సరిపోదు, మాట్లాడుకునే తెలుగులో రాయండి. నాడీ రసాయనిక ప్రాచలాలు అంటే మా ఆవిడకే కాదు, నాకూ అర్థం కాదు. ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లకు వాళ్ల మాటలో చెప్పే మనిషి కావాలి. మీ కమిటీల్లో సామాన్యుడికి ఒక కుర్చీ ఉంటుంది కదా, ఈ ఒక్క ప్రాజెక్టుకైనా ఆ కుర్చీలో ఈసీటీ చేయించుకున్న మనిషిని కూర్చోబెట్టండి.

ఆ ఎంఆర్ఐ గొట్టంలో పడుకోవడం గురించి కూడా కాస్త. లోపల రోకళ్లతో దంచుతున్నట్టు మోత. మా ఆవిడ "సమాధిలో పెట్టారనుకున్నాను" అంది, అప్పటి మనసుకి అదొక హింస. ముందే ఆ చప్పుడు వినిపించి, చేతికి బెల్ ఇచ్చి, ఎప్పుడు వద్దంటే అప్పుడు బయటికి తీస్తామని చెప్పండి. ఇంకోటి, గుమ్మం దగ్గర ఆయా వచ్చి "పుస్తెలు, నల్లపూసలు, మెట్టెలు తీసేయమ్మా" అంది. మొగుడు ఎదురుగా ఉండగా ఆ మాట. ఆవిడ వణికిపోయింది. పక్కన ఇంకో రోగి తాలూకు ముసలమ్మ తన సంచిలోంచి దారం తీసి, ఎవరినో పంపి పసుపు కొమ్ము తెప్పించి మెడలో కట్టింది, అప్పుడు తీసింది. మీ ప్రాజెక్టు సామాను లిస్టులో పసుపు తాడు, పసుపు కొమ్ము చేర్చండి. ఇరవై రూపాయల ఖర్చు.

నిన్న రాత్రి ఈ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. చారు సంగతి తీసేయమంది, తీయలేదు. ఇలాంటి పరిశోధన జరిగితే వెళ్తావా అని అడిగాను. "నాకైపోయింది కదండీ, ముందు తీసిన స్కాన్ ఎక్కడుంది వాళ్లు పోల్చడానికి?" అంది. నిజమే, నాకు తట్టలేదు.

నేను మాత్రం రాగలను. జబ్బూ వైద్యమూ ఏమీ లేనివాణ్ణి రెండుసార్లు కొలిస్తే ఎంత తేడా వస్తుందో తెలియాలి కదా. అది తెలియకపోతే రోగిలో వచ్చిన తేడా మెదడుదో మెషిన్‌దో చెప్పలేరు. రోజూ షిఫ్ట్ మొదట్లో మేము స్టాండర్డ్ శాంపిల్ పెట్టేది అందుకే. ఆ శాంపిల్‌గా నన్ను వాడుకోండి. ఒక్క జాగ్రత్త. ఉద్యోగంలో చేరిన కొత్తలో గ్రైండింగ్ దగ్గర ఎడమ కంట్లో ఇనుప రజను పడింది, తీశారు గానీ మొత్తం వచ్చిందో లేదో. గాజువాక, మల్కాపురం, షిప్‌యార్డ్ వైపు నుంచి వచ్చే వెల్డర్లనీ ఫిట్టర్లనీ కూడా ఈ మాట తప్పకుండా అడగండి. అంత పెద్ద అయస్కాంతంలోకి పంపే ముందు కంటికి ఎక్స్‌రే తీయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ ఉద్యోగి,
గాజువాక, విశాఖపట్నం